మాంద్యానికి విడుపు ఎవరి చేతిలో?

1937 చివరి నెలల్లో అమెరికా ఆర్థికమంత్రి హెన్రీ మోర్గెంథౌ, న్యూయార్క్‌లోని నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనమిక్ రీసెర్చ్‌ను ఒక సాయం కోరారు. మహామాంద్యం నుంచి నాలుగేళ్లుగా తేరుకుంటూ వచ్చిన దేశం ఆ ఏడాది మే తర్వాత మళ్లీ జారడం మొదలుపెట్టింది. మార్చిలో 194 దగ్గరున్న డౌ జోన్స్ సూచీ ఏడాది తిరిగేసరికి 99కి పడిపోయింది. పారిశ్రామిక ఉత్పత్తి సుమారు మూడోవంతు తగ్గింది. ఈ పతనం ఎప్పుడు ఆగుతుంది? ఆగబోతోందని ఏ గుర్తులను బట్టి పోల్చుకోవాలి? మంత్రి అడిగింది ఇదే. ఆ సంస్థలో వ్యాపార చక్రాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన వెస్లీ మిచెల్, ఆర్థర్ బర్న్స్ 487 గణాంక శ్రేణులను ముందేసుకుని, గతంలో ఒక్కో మాంద్యం ముగిసినప్పుడు ఏది ఎన్ని నెలల ముందు మలుపు తిరిగిందో లెక్కగట్టారు. అందులో 71 పనికొస్తాయని, 21 మరీ నమ్మదగినవని తేల్చారు. కార్మికుల వారపు సగటు పనిగంటలు, కొత్త ఇళ్ల కాంట్రాక్టులు, షేర్ల ధరలు, దివాలా తీసిన సంస్థల బాకీలు అలాంటివి. ఆ జాబితా 1938 మేలో అచ్చయింది. ఆ మరుసటి నెలే, అంటే జూన్‌లోనే, మాంద్యం అడుగు తాకి పైకి తిరిగిందని తర్వాత తేలింది. నేడు ప్రతి నెలా పత్రికల వ్యాపార పుటల్లో కనిపించే ముందస్తు సూచికలకు మూలం ఆ పట్టికే. మాంద్యం ఎప్పుడొస్తుందో చెప్పడానికని కాదు, ఎప్పుడు పోతుందో చెప్పడానికని పుట్టిన విద్య అది.

ఈ కథను సాధారణంగా గణాంకాల విజయంగా చెబుతారు. ప్రశ్న అడిగింది ఎవరో గుర్తుంచుకుని చదివితే మాత్రం ఇంకో సంగతి బయటపడుతుంది. 1936 డిసెంబరు నుంచి, దేశంలోకి వచ్చిపడుతున్న బంగారం బ్యాంకుల నిల్వల్లోకి చేరకుండా పక్కకు కట్టిపెట్టింది మోర్గెంథౌ నడుపుతున్న ట్రెజరీయే. బ్యాంకులు తప్పనిసరిగా ఉంచాల్సిన నిల్వలను 1936 ఆగస్టు, 1937 మార్చి, మే నెలల్లో మూడు విడతలుగా రెట్టింపు చేసింది దేశ కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్. మాజీ సైనికులకు 1936లో పంచిన బోనస్ ఆ ఏడాదితో సరి. 1937 జనవరి నుంచి సోషల్ సెక్యూరిటీ పన్ను జీతాల్లోంచి కోయడం మొదలైంది. పతనం సాగుతుండగానే నవంబరు 10న న్యూయార్క్‌లో ఒక సభలో బడ్జెట్‌ను సమతుల్యం చేసి తీరతామని మోర్గెంథౌ మాటిస్తే సభికుల్లో నవ్వులు వినిపించాయి. 1938 ఏప్రిల్‌లో గాలి మారింది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఖర్చు పెంచడానికి కాంగ్రెస్‌ను నిధులు అడిగారు, ట్రెజరీ బంగారం మీద కట్టడి ఎత్తేసింది, ఫెడరల్ రిజర్వ్ నిల్వల నిబంధన సడలించింది. రెండు నెలల్లో పతనం ఆగింది. వీటిలో దేని పాలెంత అన్నదాని మీద ఇప్పటికీ వాదాలున్నాయి. ఆనాటి వేతనాల పెరుగుదలను కారణంగా చూపేవారూ ఉన్నారు. అయినా ఒకటి మాత్రం స్పష్టం. విడుపు ఎప్పుడని అడిగిన మనిషి చేతిలోనే ఆ విడుపులో కొంత భాగం ఉంది. మాంద్యం ముగిసే తేదీని చెప్పడంలో నూట యాభై ఏళ్లుగా ఎదురవుతున్న చిక్కంతా ఇక్కడే ఉందన్నది ఈ వ్యాసం వాదన. ఆ తేదీలో పెద్ద భాగం మనుషుల నిర్ణయాల మీద ఆధారపడుతుంది. ఇంకా తీసుకోని నిర్ణయం ఏ గణాంకంలోనూ కనబడదు.

పంతొమ్మిదో శతాబ్దపు పండితులు దీన్ని ఇలా చూడలేదు. వారికి వ్యాపార సంక్షోభాల్లో ఒక లయ కనిపించింది. ఇంగ్లండ్‌లో 1825, 1836–37, 1847, 1857, 1866లలో సంక్షోభాలు వచ్చాయి. ఇంచుమించు పదేళ్లకొకటి. ఇంగ్లండ్ ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ ఈ లయకు కారణాన్ని ఆకాశంలో వెతికారు. సూర్యుడి మీద మచ్చలు పెరిగి తగ్గే కాలం సుమారు 10.5 ఏళ్లని అప్పటి ఒక లెక్క. ఆ మచ్చలను బట్టి ఎండ తీవ్రత, దాన్నిబట్టి భారతదేశంలో పంటలు, పంటలను బట్టి ఇక్కడివారు ఇంగ్లండ్ బట్ట కొనే శక్తి మారతాయని ఆయన సిద్ధాంతం కట్టారు. దానికి ఆధారంగా నిలిచిన చర్చలో మన నేల కూడా ఉంది. 1876–78 కరువు కర్నూలు, కడప, బళ్లారి ప్రాంతాలను ఊడ్చిపెడుతున్న రోజుల్లోనే బ్రిటిష్ అధికారి డబ్ల్యు.డబ్ల్యు. హంటర్ మద్రాసు వర్షపాత లెక్కలను సూర్యుడి మచ్చలతో జోడించి దక్షిణ భారత కరువు చక్రం గురించి రాశారు. గ్రహణం పట్టు విడుపులను పంచాంగం గడియలతో సహా చెప్పగలదు, ఎందుకంటే సూర్యచంద్రులు పంచాంగం చదివి దారి మార్చుకోరు. జెవన్స్ వెతికింది అలాంటి పంచాంగాన్నే. మచ్చల చక్రం 11 ఏళ్లకు దగ్గరని ఖగోళ శాస్త్రజ్ఞులు తేల్చాక ఆయన లెక్క కుదరలేదు. లెక్క కుదిరి ఉన్నా అసలు లోపం పోయేది కాదు. ఆ సిద్ధాంతంలో సంక్షోభానికి అందరూ ప్రేక్షకులే. బ్యాంకు తలుపు మూయాలా తెరవాలా అని నిర్ణయించేవారెవరూ అందులో లేరు.

ఇరవయ్యో శతాబ్దంలో సూర్యుడి స్థానంలోకి రేఖాపటాలు వచ్చాయి. హార్వర్డ్‌లో వారెన్ పర్సన్స్ 1919లో తయారుచేసిన బారోమీటర్‌లో మూడు గీతలుండేవి. ఒకటి స్పెక్యులేషన్‌కు, ఒకటి వ్యాపారానికి, ఒకటి డబ్బు మార్కెట్‌కు. మొదటిది కదిలిన కొన్నాళ్లకు రెండోది, ఆ తర్వాత మూడోది కదులుతాయని గతం చెప్పింది కనుక భవిష్యత్తునూ అలాగే చదవవచ్చని నమ్మకం. ఆ పద్ధతి మీద నడిచిన హార్వర్డ్ ఎకనమిక్ సొసైటీ, 1929 నవంబరులో, 1920–21 నాటంత తీవ్రమైన మాంద్యం వచ్చే అవకాశం లేదని చందాదారులకు రాసింది. 1930 మేలో ఆ నెలలోనో వచ్చే నెలలోనో వ్యాపారం మెరుగుపడుతుందంది. ఆగస్టు చివర్లో మాంద్యం బలం దాదాపు అయిపోయిందంది. నవంబరులో, 1931 మొదటి నెలల్లో పతనం ఆగుతుందంది. చివరికి సొసైటీయే మూతపడింది. అధ్యక్షుడు హూవర్ కూడా 1930 మే 1న వాణిజ్య మండలి సభలో గడ్డుకాలం దాటిపోయామన్న నమ్మకం ప్రకటించారు. వీరిని తెలివితక్కువవారని నవ్వుకోవడం తేలిక. కానీ 1930 ఆగస్టునాటికి ఏమేం జరగలేదో చూడాలి. ఆ డిసెంబరులో కూలబోయే బ్యాంక్ ఆఫ్ యునైటెడ్ స్టేట్స్ అనే న్యూయార్క్ పెద్ద ప్రైవేటు బ్యాంకు ఇంకా నిలిచే ఉంది. 1931 మేలో కుంగబోయే వియన్నా బ్యాంకు క్రెడిట్‌అన్‌స్టాల్ట్ కూడా నిలిచే ఉంది. పౌండును బంగారంతో ముడిపెట్టిన బంగారు ప్రమాణాన్ని ఇంగ్లండ్ వదిలింది 1931 సెప్టెంబరులోనే. దాంతో డాలరును కాపాడుకోవడానికి ఫెడరల్ రిజర్వ్ తన వడ్డీని 1.5 శాతం నుంచి 3.5 శాతానికి పెంచింది ఆ అక్టోబరులోనే. హార్వర్డ్ పండితులు అప్పటివరకు జరిగినదాన్ని సరిగానే కొలిచి ఉండవచ్చు. ఆ తర్వాత అధికారులు చేయబోయేది వారి గీతల్లో లేదు.

అదే మాంద్యం ముగిసిన తీరు చూస్తే ఈ సంగతి ఇంకా గట్టిపడుతుంది. 1932 జులై 8న డౌ 41కి దిగి, అక్కణ్నుంచి సెప్టెంబరుకల్లా దాదాపు రెట్టింపయింది. ఉత్పత్తిలోనూ కాస్త కదలిక వచ్చింది. ముగింపు వచ్చేసిందని అనుకోవడానికి అన్ని గుర్తులూ ఉన్నాయి. చలికాలంలో బ్యాంకుల మీద డిపాజిటర్లు మళ్లీ ఎగబడ్డారు, రాష్ట్రం తర్వాత రాష్ట్రం బ్యాంకులు మూసేసింది, గుర్తులన్నీ తిరగబడ్డాయి. 1933 మార్చి 4న రూజ్‌వెల్ట్ పదవిలోకి వచ్చి, 6 నుంచి దేశమంతటా బ్యాంకులకు సెలవు ప్రకటించి, తనిఖీలో నిలిచినవాటిని 13 నుంచి తెరిపించారు. ఏప్రిల్‌లో డాలరును బంగారం నుంచి విడదీశారు. ఆ మార్చి నుంచి జులై లోపల పారిశ్రామిక ఉత్పత్తి సగానికి పైగా పెరిగింది. మాంద్యం అడుగు తాకిన నెల మార్చే. ఫిబ్రవరిలో గణాంకాలను మాత్రమే చూసేవారికి ఆ మాట చెప్పే ఆధారం లేదు. ఇతర దేశాల వరస కూడా ఇదే చెబుతుంది. ఇంగ్లండ్ 1931లో బంగారాన్ని వదిలి ముందుగా తేరుకుంది, 1936 దాకా పట్టుకు వేలాడిన ఫ్రాన్స్ చివరగా తేరుకుంది. అందరినీ ముంచిన వరద ఒకటే, తేలిన తేదీలు మాత్రం దేశానికొకటి. మాంద్యానికి దానంతట అదే తీరే ఆయుష్షు ఉంటే ఈ తేడా ఉండకూడదు.

దీనికి మొదటి ఆక్షేపణ సూచికల వైపు నుంచే వస్తుంది. ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నా దాని ఫలితం ముందుగా షేర్ల ధరల్లో, పనిగంటల్లో, ఇళ్ల ఆర్డర్లలో కనబడుతుంది కదా, అది చాలదా అంటారు. 2009 మార్చి 9న అమెరికా షేర్ మార్కెట్ అడుగు తాకింది, జూన్‌లో మాంద్యం ముగిసింది. అది నిజమే, సూచికలను ఎవరూ పారేయనక్కరలేదు. కానీ అదే మార్కెట్ 1929 నవంబరులో 198 నుంచి 1930 ఏప్రిల్‌లో 294కి ఎగబాకి, ఆ తర్వాత రెండేళ్లలో అంతా పోగొట్టుకుంది. నిజమైన మలుపునూ ఉత్తుత్తి మలుపునూ వేరుచేసేది ఆ గీతలో ఏదీ లేదు. తర్వాత ఏం జరిగిందన్నదే వాటిని వేరుచేసింది. 1947లో ఆర్థికవేత్త టియాలింగ్ కూప్‌మన్స్, వ్యాపార చక్రాల మీద బర్న్స్, మిచెల్ రాసిన గ్రంథాన్ని సమీక్షిస్తూ ఇది సిద్ధాంతం లేని కొలత అని తప్పుపట్టడంలో ఉద్దేశం ఇదే. పనిగంటలు పెరిగాయని పట్టిక చెబుతుంది. ఎందుకు పెరిగాయో, ఆ కారణం నిలుస్తుందో లేదో చెప్పదు. పైగా సూచిక మలుపు చూపేసరికి, ఆ మలుపు తెచ్చిన నిర్ణయం జరిగిపోయి ఉంటుంది. అంటే అది జోస్యం చెప్పడం లేదు, జరిగినదాన్ని మిగతావారికన్నా కాస్త ముందు కనిపెడుతోంది. ఆ కాస్త ముందు విలువైనదే. దాన్ని జోస్యమని పిలిచినప్పుడే మోసపోతాం.

రెండో ఆక్షేపణ ఇంకా బలమైనది. కేంద్ర బ్యాంకు, సంక్షేమ పథకాలు, ఖర్చు పెంచే ప్రభుత్వం ఏవీ లేని రోజుల్లో కూడా మాంద్యాలు ముగిశాయి కదా, నిర్ణయాలే విడుపు తెస్తాయంటే అవెలా ముగిశాయి? అమెరికాలో 1873 అక్టోబరులో మొదలైన మాంద్యాన్ని తీసుకుందాం. 1879 మార్చి దాకా, 65 నెలలు సాగిన ఆ మాంద్యం నేషనల్ బ్యూరో జాబితాలో అన్నిటికన్నా పొడవైనది. మహామాంద్యపు మొదటి పతనం కూడా 43 నెలలే. ఎవరూ చేయివేయకపోతే దానంతట అదే తగ్గుతుందన్న మాట నిజమే కావచ్చు, ఎంతకాలానికన్నది ఈ 65 నెలలు చెబుతాయి. పైగా అది కూడా పూర్తిగా దానంతట అదే ముగియలేదు. అంతర్యుద్ధ కాలపు కాగితం డాలరును 1879 జనవరి నుంచి మళ్లీ బంగారంతో మార్చుకోవచ్చన్నది 1875లో కాంగ్రెస్ చట్టంగా చేసిన నిర్ణయం. ఆ గడువు నెరవేరడంతో అనిశ్చితి తొలగింది. అదే ఏడాది యూరప్‌లో పంటలు దెబ్బతిని, అమెరికాలో బాగా పండి, గోధుమలు అటు, బంగారం ఇటు ప్రవహించి పుంజుకోవడం బలపడింది. అంటే ఒకవైపు మనుషుల నిర్ణయం, మరోవైపు ఎవరూ ఊహించలేని వాతావరణం. జెవన్స్ వెతికిన వాతావరణం నిజంగానే వచ్చింది, ఆయన చక్రం ప్రకారం మాత్రం రాలేదు. నిర్ణయాలు లేనిచోట విడుపు అదృష్టం చేతిలోకి వెళుతుంది. అప్పుడు తేదీ చెప్పడం ఇంకా కష్టమవుతుంది.

మూడో ఆక్షేపణ సగటును నమ్ముకోమనేవారిది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత 2009 వరకు అమెరికాలో వచ్చిన 11 మాంద్యాల సగటు నిడివి సుమారు 11 నెలలు. కాబట్టి మొదలై ఎనిమిది నెలలైతే ముగింపు దగ్గరపడినట్టే అన్నది వాదన. కానీ వాటిలో 1980లో వచ్చినది 6 నెలలే, 2007 డిసెంబరులో మొదలైనది 18 నెలలు. సగటు చుట్టూ ఇంత వెడల్పుంటే అది తేదీగా పనికిరాదు. 1981 జులైలో మొదలైనదాన్ని చూస్తే కారణం తెలుస్తుంది. ద్రవ్యోల్బణాన్ని అణచాలని పాల్ వోల్కర్ నాయకత్వంలో ఫెడరల్ రిజర్వ్ స్వల్పకాలిక వడ్డీని 19 శాతం చుట్టుపక్కలకు తీసుకెళ్లింది. ఇళ్ల నిర్మాణం, కార్ల అమ్మకాలు చతికిలపడ్డాయి, నిరుద్యోగం 1982 చివరికి 10.8 శాతానికి చేరింది. ఆ మాంద్యం పదకొండో నెల వచ్చిందని ఆగలేదు. ధరల వేగం తగ్గి, ఆగస్టులో మెక్సికో అప్పు తీర్చలేక చేతులెత్తేసి, వేసవి నుంచి వడ్డీలు దిగి, అక్టోబరులో వోల్కర్ ద్రవ్య సరఫరా లక్ష్యాల పట్టు వదిలాక, నవంబరులో అడుగు తాకింది. వోల్కర్ పట్టు ఎప్పుడు సడలుతుందో ఊహించినవారికే అప్పుడు తేదీ తెలిసే వీలుంది. వోల్కర్‌కే అది ధరల లెక్కలొచ్చే దాకా తెలియదు. విడుపు చేతిలో ఉన్నవారికి కూడా తేదీ ముందుగా తెలిసి ఉండదన్నది ఈ వాదంలో మరచిపోకూడని భాగం.

ఇంత అనుభవం తర్వాత తేదీలు నిర్ణయించే పని చేపట్టిన నేషనల్ బ్యూరో కమిటీ జోస్యం జోలికే పోలేదు. 1978లో ఏర్పడిన ఆ కమిటీ గణాంకాలు తగినంతగా స్థిరపడేదాకా నోరు విప్పదు. 1990 జులైలో మాంద్యం మొదలైందని 1991 ఏప్రిల్ 25న ప్రకటించింది. అప్పటికి ఆ మాంద్యం మార్చిలోనే ముగిసిపోయింది. ఆ ముగింపును 1992 డిసెంబరు 22న, అంటే 21 నెలల తర్వాత ప్రకటించింది. ఈలోగా నవంబరులో ఎన్నికలు జరిగి, ఆర్థిక పరిస్థితి మీద ప్రజల కోపానికి గురైన అధ్యక్షుడు సీనియర్ బుష్ ఓడిపోయారు. 2001 నవంబరులో ముగిసినదాన్ని 2003 జులైలో, 2009 జూన్‌లో ముగిసినదాన్ని 2010 సెప్టెంబరులో చెప్పింది. 2020లో కోవిడ్ కారణంగా వచ్చిన మాంద్యం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రెండే నెలలు. దాని ముగింపు తెలియజేసింది 2021 జులైలో. ఆ రెండు నెలల మాంద్యం మన వాదానికి స్వచ్ఛమైన ఉదాహరణ. ఆదేశాలతో, భయంతో మూతపడిన కొట్లు మళ్లీ తెరుచుకోవడం, ప్రభుత్వం ఇంటింటికీ డబ్బు పంపడం, ఈ రెండూ కలిసి దాన్ని ముగించాయి. వాటికి ముందు ఏ చక్రం లెక్కా ఆ నెలను పట్టుకోలేదు.

ఆలస్యంగా చెప్పినా, ఆ తేదీ ఎవరి ముగింపు అన్న ప్రశ్న మిగులుతుంది. ఉత్పత్తి కిందికి జారడం ఆగిన నెలను కమిటీ ముగింపు అంటుంది. ఉద్యోగం పోయినవాడికి అది ముగింపు కాదు. 2009 జూన్ తర్వాత కూడా నిరుద్యోగం పెరిగి అక్టోబరులో 10 శాతానికి చేరింది. 2001 నవంబరు తర్వాత అయితే 2003 జూన్ దాకా పెరుగుతూనే పోయింది. 1933 మార్చి కూడా అమెరికా ఫ్యాక్టరీల ముగింపే. రూపాయి పౌండుకు కట్టుబడి ఉన్నందువల్ల 1931లో దాంతోపాటే బంగారాన్ని వదిలింది, అయినా మద్రాసు రాష్ట్రంలో వరి ధర వెంటనే లేవలేదు. సగానికి దగ్గరగా పడిపోయిన ధరకు ధాన్యం అమ్మి, పాత లెక్కన భూమిశిస్తూ, పాత అప్పు మీద వడ్డీ కట్టవలసిన కోస్తా రైతు ఇంట్లోని బంగారం అమ్ముకున్నాడు. ఆ అప్పుల చిక్కు విప్పడానికి రాజాజీ ప్రభుత్వం రైతు రుణ విముక్తి చట్టం తెచ్చింది 1938లో. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన రైతు అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని ఆ చట్టం రద్దు చేసింది. అమెరికాలో ముగింపు తేదీ పడిన ఐదేళ్లకు ఇక్కడ శాసనసభ ఇంకా ఆ మాంద్యంతోనే తలపడుతోంది. ఇక్కడా రైతుకు ఊరట కాలచక్రం వల్ల రాలేదు, చట్టం వల్ల వచ్చింది.

అయితే జోస్యాలన్నీ వ్యర్థమేనా? కాదు. వ్యాపారికి సరుకు ఎంత తెప్పించాలో, ప్రభుత్వానికి ఎంత ఖర్చు చేయాలో ఏదో ఒక అంచనా లేకుండా నడవదు. కానీ వచ్చే ఏడాది రెండో త్రైమాసికానికి మాంద్యం ముగుస్తుందని ఎవరైనా చెప్పినప్పుడు అందులో చెప్పని షరతులుంటాయి. కేంద్ర బ్యాంకు వడ్డీ తగ్గిస్తే, ఖజానా చేయి బిగించకపోతే, ఇంకో బ్యాంకు కూలకపోతే అన్న మాటలు మింగేసి తేదీ మాత్రమే పలుకుతారు. ఆ షరతులను బయటికి లాగి అడగడమే చదువరి చేయగల పని. ఇప్పుడు గొంతు నొక్కుతున్నది ఏది, దాన్ని సడలించగలవారెవరు, వారు సడలించడం మొదలుపెట్టారా? 1930లో ఈ మూడు ప్రశ్నలు వేసినవారికి జవాబులు నిరాశగా ఉండేవి. 1938 ఏప్రిల్‌లో, 1982 అక్టోబరులో ఆశాజనకంగా ఉండేవి. ఇవి కూడా తేదీ చెప్పవు. కానీ విడుపు కోసం ఎదురుచూసే ప్రజలు జోస్యులను కాక, ఆ నిర్ణయాలు తీసుకోవలసినవారిని నిలదీసేలా చేస్తాయి. ముగింపును దగ్గరకు లాగే శక్తి ఉన్నది ఆ నిలదీతకే.